వాతము అను ఒక్క మాట
కీళ్ళజబ్బుల పరీక్షలు, పరిచర్య - ఒక చరిత్ర

మోకాలు నొచ్చినా, నడుము పట్టినా, వ్రేళ్ళు వంకరపోయినా మన ఇండ్లలో పెద్దలు చెప్పే మాట ఒక్కటే: ‘‘వాతము చేసినది.’’ ఈ మాట విని నవ్వవలసిన పని లేదు. ఐరోపాలోను చాలకాలము ఇదే పరిస్థితి. అక్కడివారి మాట ‘‘రుమటిజము’’. శరీరములో ఎక్కడనో పుట్టిన చెడునీరు కీళ్ళలోనికి ప్రవహించుటచే నొప్పి పుట్టునని ప్రాచీన గ్రీకులు తలచినారు; ప్రవాహము అను అర్థముగల పదము నుండియే ఈ పేరు వచ్చినది. గౌటు అను జబ్బు పేరుకు మూలము లాటిన్ భాషలో ‘‘బొట్టు’’ అను మాట. చెడునీరు బొట్లు బొట్లుగా కీలులో పడుచున్నదని వారి ఊహ.

ఊహ సంగతి ఎట్లున్నా, పూర్వవైద్యుల చూపు మాత్రము నిశితమైనది. చరకసంహిత చికిత్సాస్థానములో ‘‘వాతరక్తము’’నకు ప్రత్యేకముగా ఒక అధ్యాయము కలదు. మాధవకరుని మాధవనిదానము ‘‘ఆమవాతము’’ను వేరు జబ్బుగా వర్ణించినది. గౌటు జబ్బు బాలురకు రాదనియు, స్త్రీలకు ముట్లుడుగువరకు రాదనియు హిప్పోక్రటీసు పేర వెలసిన సూత్రములలో ఉన్నది. రెండువేల ఏండ్లకు పైబడిన ఈ మాట నేటికిని చాలవరకు సరియైనదే. స్త్రీల హార్మోనులు యూరిక్ ఆమ్లమును మూత్రపిండముల ద్వారా వెలుపలికి పంపుటకు తోడ్పడుననునది దానికి నేడు చెప్పు కారణము.

కాని కంటితో చూచి, చేతితో తాకి, రోగిని ప్రశ్నించి తెలుసుకొనదగినదానికి ఒక హద్దు ఉన్నది. వాచిన మోకాలు నాలుగు విధములైన జబ్బులలోను వాచిన మోకాలుగానే కనిపించును. అది క్షయ అయినచో ఆ కీలును కదలనీయరాదు. కీళ్ళవాత జ్వరమైనచో కీలుకంటె గుండెకు అపాయము ఎక్కువ. రుమటాయిడ్ ఆర్థ్రయిటిస్ అయినచో కదల్చక నెలల తరబడి ఉంచుటయే కీలును బిగుసుకొనిపోవునట్లు చేయును. గౌటు అయినచో మందు వేరు, తిండి వేరు. పేరు తప్పినచో సేవ కూడ తప్పునన్నమాట. అందుచేత ఈ జబ్బులను వేరుపరచు పరీక్షల చరిత్రను, రోగిని మంచముపై కనిపెట్టియుండు పరిచర్య చరిత్రను కలిపి చదువవలసియున్నది.

నారపోగుపై స్ఫటికములు

1776లో స్వీడన్ రసాయనికుడు షీలే మూత్రాశయపు రాతినుండి ఒక క్రొత్త ఆమ్లమును వేరుచేశాడు. అదియే యూరిక్ ఆమ్లము. 1797లో ఇంగ్లండులో ఒలాస్టన్ గౌటు రోగుల కీళ్ళవద్ద ఏర్పడు సుద్దవంటి గడ్డలలో కూడ అదే పదార్థపు లవణము ఉన్నదని చూపాడు. అయితే అది రోగి రక్తములో ఉన్నదా? ఈ ప్రశ్నకు సమాధానము చెప్పినవాడు లండను వైద్యుడు ఆల్ఫ్రెడ్ బేరింగ్ గారడ్ (1819-1907). 1848లో అతడు గౌటు రోగుల రక్తములో యూరిక్ ఆమ్లము మిక్కుటముగా ఉండుటను నిరూపించాడు. తొలి పద్ధతికి చాల రక్తము, చాల శ్రమ కావలసియుండెను. కొన్నియేండ్లలోనే, 1854లో, ఏ వైద్యుడైనను చేసుకొనగల సులువైన పరీక్షను అతడు ప్రకటించాడు.

ఆ పరీక్ష ఇట్టిది. రక్తము గడ్డకట్టగా పైకి తేలిన రసమును నాలుగైదు మిల్లీలీటర్లు తీసికొని, మూడు అంగుళముల వెడల్పుగల లోతులేని గాజు పళ్ళెములో పోయవలెను. దానిలో కొన్ని చుక్కల ఎసిటిక్ ఆమ్లము కలిపి, అంగుళము పొడవున్న అవిసెనార పోగును ఒకటి రెండింటిని వేయవలెను. పళ్ళెమును దుమ్ము పడకుండ, మరీ వేడిలేని చోట ఒకటి రెండు రోజులు కదల్చక ఉంచవలెను. రసము చాలవరకు ఇగిరిపోయిన తరువాత పోగును సూక్ష్మదర్శినిలో చూచినచో, రోగము గౌటు అయినప్పుడు దానిపై యూరిక్ ఆమ్లపు స్ఫటికములు పేరుకొనియుండును. దారముపై కలకండ పలుకులు కట్టుట చూచిన విద్యార్థికి ఇంకేమియు చెప్పనక్కరలేదు. గారడ్ చెప్పిన పోలిక కూడ అదే. ఆరోగ్యవంతుల రక్తరసములో వేసిన పోగు, రుమటిజము రోగుల రక్తరసములో వేసిన పోగు మాత్రము శుభ్రముగా ఉండెను.

కీళ్ళజబ్బులను ప్రయోగశాలలో వేరుపరచిన తొలి పరీక్ష ఇదియేనని చెప్పవచ్చును. దీని బలముతోనే గారడ్ 1859లో ప్రచురించిన గ్రంథములో, గౌటునకు సంబంధములేని మరొక కీళ్ళజబ్బునకు ‘‘రుమటాయిడ్ ఆర్థ్రయిటిస్’’ అను పేరు పెట్టాడు. ఆ జబ్బును అంతకుముందే, 1800లో, పారిస్ నగరపు సాల్పెత్రియేర్ ఆసుపత్రిలోని యువవైద్యుడు లాండ్రే-బోవే వర్ణించియుండెను. కాని అతడును దానిని గౌటులో ఒక రకముగానే తలచాడు. పేరు నిలిచినది గారడ్ పెట్టినదే.

ఇందులోని భౌతికశాస్త్రము ఉన్నత పాఠశాల విద్యార్థికి అందనిది కాదు. శరీరపు వేడిమివద్ద 100 మిల్లీలీటర్ల రక్తరసములో సుమారు 7 మిల్లీగ్రాముల యూరిక్ ఆమ్లము మాత్రమే సోడియం లవణముగా కరగియుండగలదు. అంతకు మించినది అదను దొరికినప్పుడు స్ఫటికమగును. వేడిమి తగ్గినచో కరగు శక్తియు తగ్గును. శరీరపు కొసలు నడిభాగముకంటె చల్లగా ఉండుట అందరును ఎరిగినదే. గౌటు నొప్పి తరచు కాలి బొటనవ్రేలితోనే మొదలగుటకు ఇది ఒక కారణము.

పోగు పరీక్షకు ఉన్న లోటు, ఎంత ఉన్నదో చెప్పలేకపోవుట. 1912లో అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయములో ఓటో ఫోలిన్, డెనిస్ ఆ లోటును తీర్చినారు. యూరిక్ ఆమ్లము ఫాస్ఫోటంగ్‌స్టిక్ ఆమ్లముతో కలిసి నీలిరంగునిచ్చును. రంగు ఎంత చిక్కనైనదో కొలిచి పరిమాణమును లెక్కగట్టవచ్చును. తెలుగువారికి ఈ ఫోలిన్ పేరు మరొక విధముగా గుర్తుండవలసినది. భీమవరములో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు హార్వర్డులో పనిచేసినది అతని శాఖలోనే. అక్కడ సైరస్ ఫిస్క్‌తో కలిసి ఆయన 1925లో ప్రకటించిన పద్ధతియు నీలిరంగు పద్ధతియే. కాని అది రక్తములోని భాస్వరమును కొలుచుటకు. అస్థిమార్దవముతో కాళ్ళు దొడ్డికాళ్ళగు పిల్లల రక్తములో భాస్వరము తక్కువగా ఉండునని 1921లోనే హౌలండ్, క్రామర్ చూపియుండిరి. ఫిస్క్-సుబ్బారావు పద్ధతి వచ్చిన పిమ్మట ఆ కొలత ప్రయోగశాలలలో తేలిక పనియైనది.

గౌటు కథ అంతటితో ముగియలేదు. నొప్పి తీవ్రముగా ఉన్న దినములలోనే కొందరి రక్తములో యూరిక్ ఆమ్లము మామూలుగా కనిపించును. ఆమ్లము హెచ్చుగా ఉన్నను కొందరికి ఎన్నడును నొప్పి రాదు. కనుక రక్తపరీక్ష ఒక్కటియే చాలదు. 1961లో అమెరికా వైద్యులు మెకార్టీ, హాలండర్ వాచిన కీలునుండి సూదితో తీసిన నీటిని ధ్రువిత కాంతి సూక్ష్మదర్శిని క్రింద చూచి, తెల్లకణముల లోపల సూదులవలె మెరయుచున్న యూరేటు స్ఫటికములను కనుగొన్నారు. గారడ్ పోగుపై చూచిన స్ఫటికము నూరేండ్లకు పిదప రోగపు చోటనే పట్టుబడినది.

ఎముకల నీడలు

1895 నవంబరు 8న రంట్‌గన్ ఎక్స్ కిరణములను కనుగొన్నాడు. ఆ డిసెంబరులోనే తీసిన అతని భార్య చేతి చిత్రము లోకమంతట ప్రసిద్ధికెక్కినది. అది వ్రేళ్ళ ఎముకల, కీళ్ళ చిత్రము కావడము కీళ్ళవైద్యులకు శుభశకునమువంటిదే. మృదులాస్థి అరిగినచో రెండు ఎముకల నడుమ ఎడము తగ్గును. రుమటాయిడ్ జబ్బులో ఎముక అంచులు చెద తిన్నట్లు కనిపించును. కాని ఇవి కనిపించునప్పటికి నష్టము చాలవరకు జరిగిపోయియుండును.

ఈ చిత్రము మన నాట చేసిన ఉపకారము ఒకటి ఉన్నది. ఆనాటి మద్రాసు రాష్ట్రములోని నెల్లూరు జిల్లా పల్లెలలో అనేకులకు నడుము, మెడ కొయ్యవలె బిగుసుకొనిపోవుచుండెను. మెడ త్రిప్పి చూడలేక మనిషి మొత్తము తిరిగి చూడవలసివచ్చెడిది. చూచినవారికి ఇది వాతమే. 1937లో షార్టు, అతని సహచరులు ఎక్స్ కిరణముల చిత్రములు తీయగా ఎముకలు మామూలుకంటె మిక్కిలి దట్టముగా, సుద్దవలె తెల్లగా కనిపించినవి. సంధిబంధనములలో కూడ సున్నము పేరుకొనియుండెను. కారణము త్రాగు బావినీటిలోని ఫ్లోరిన్. వాతమునకు ఎన్ని తైలములు రాచినను ఇది తగ్గునది కాదు. కావలసినది మంచినీరు. పేరు సరిగా తెలియుటవలన చికిత్స వైద్యశాలనుండి బావిగట్టుకు మారిన సందర్భమిది.

గాజుగొట్టములో గంటసేపు

పరీక్షలు లేనిచోట సిద్ధాంతము పెత్తనము చేయును. ఇరువదవ శతాబ్దారంభములో పండ్ల చిగుళ్ళలోనో, గొంతులోని టాన్సిల్ గ్రంథులలోనో దాగియున్న చీము శరీరమంతట విషమును చిమ్మి కీళ్ళను చెరచుచున్నదను వాదము బలపడినది. 1912 ప్రాంతములో చికాగో వైద్యుడు ఫ్రాంక్ బిల్లింగ్స్ దీనిని ప్రచారము చేశాడు. ఆపైన ఎందరో కీళ్ళరోగులు పండ్లన్నియు పీకించుకొన్నారు. కీళ్ళనొప్పి ఉండనే ఉన్నది. అన్నము నమలుకొను సాధనము మాత్రము పోయినది. మంచి ఉద్దేశముతోనే జరిగిన పని అయినను, దీనిని తలచుకొన్నప్పుడు జాలి కలుగకపోదు.

రోగము లోపల మండుచున్నదా, చల్లారుచున్నదా అని కొలిచి చూపగల సాధనము ఆ కాలములోనే తయారగుచుండెను. స్వీడన్ వైద్యుడు రాబిన్ ఫారియస్ 1918లో గర్భమును ముందుగా గుర్తించుటకు పరీక్షను వెదకుచు, గర్భిణుల రక్తమును గొట్టములో నిలిపినప్పుడు ఎర్రకణములు త్వరగా అడుగుకు దిగుటను గమనించాడు. పోలండు వైద్యుడు బియెర్నాట్స్కీ 1897లోనే ఈ విషయము వ్రాసియుండెను. 1921లో ఆల్ఫ్ వెస్టర్‌గ్రెన్ క్షయరోగులను పరిశీలించుచు పరీక్షకు నేటి రూపమునిచ్చాడు. నాలుగు భాగముల రక్తమునకు ఒక భాగము సోడియం సిట్రేటు ద్రావణము కలిపి, 200 మిల్లీమీటర్ల గుర్తులున్న సన్నని గాజుగొట్టములో నింపి, నిట్టనిలువుగా నిలుపుదురు. గంట గడచిన తరువాత కణములు ఎన్ని మిల్లీమీటర్లు దిగినవో చూతురు. ఆరోగ్యవంతులైన యువకులలో ఇది 15, యువతులలో 20 లోపుగా ఉండును. తీవ్రమైన కీళ్ళవాతములో 100 కూడ దాటవచ్చును.

ఇట్లేల జరుగును? వాపు, మంట ఉన్నప్పుడు కాలేయము ఫైబ్రినోజను మున్నగు ప్రోటీనులను ఎక్కువగా తయారుచేయును. మామూలుగా ఎర్రకణములు ఒకదానినొకటి వికర్షించుకొనుచుండును. ఈ ప్రోటీనులు ఆ వికర్షణను తగ్గించుటచే కణములు నాణెముల దొంతరలవలె అంటుకొనును. విడి కణముకంటె దొంతర త్వరగా మునుగును. ఫారియస్ ఇంకొక చక్కని మాట చెప్పాడు: రోగి రక్తమును గాజుపాత్రలో నిలిపినప్పుడు ఏర్పడు పొరలను చూచియే ప్రాచీన గ్రీకులు నాలుగు ధాతువుల సిద్ధాంతమును కల్పించియుందురట.

ఈ పరీక్ష జబ్బు పేరు చెప్పదు. క్షయలోను, రక్తహీనతలోను, గర్భములోను, ముసలితనములోను ఆ సంఖ్య పెరుగును. జ్వరమానివలె ఇదియు వేడి ఉన్నదని మాత్రమే చెప్పును. దీని నిజాయితీ కూడ చాలవరకు పరిచారిక చేతిలోనున్నది. సిట్రేటు పాలు తప్పినా, గొట్టము కొంచెము ఒరిగినా, బల్ల అదరినా, గంటకు బదులు గంటన్నరకు చూచినా అంకె అబద్ధమగును. ఆ అబద్ధపు అంకెను నమ్మి మందు మార్చినచో బాధపడువాడు రోగి.

జబ్బు పేరు చెప్పుటకు దగ్గరగా వచ్చిన పరీక్ష నార్వేలో పుట్టినది. 1937లో ఎరిక్ వాలర్ వేరొక పరీక్షకై గొర్రె ఎర్రకణములను వాడుచుండగా, ఒక కీళ్ళవాత రోగి రక్తరసము ఆ కణములను గుంపులు గుంపులుగా అంటుకొనునట్లు చేసినది. ఇట్టిదానిని పొరపాటని పారబోయుట సులభము. వాలర్ పారబోయక, మరి కొందరు రోగుల రక్తముతో పరీక్షించి 1940లో ప్రకటించాడు. అదే సంవత్సరము జర్మను సేనలు నార్వేను ఆక్రమించినవి. యుద్ధపు రొదలో ఆ వ్యాసమును పట్టించుకొన్నవారు అరుదు. 1948లో న్యూయార్కులో హారీ రోజ్, చార్లెస్ రాగన్ మున్నగువారు ఇదే విషయమును మరల కనుగొన్నారు. అందుచే ఇది వాలర్-రోజ్ పరీక్ష అయినది. 1956లో సింగర్, ప్లాట్జ్ గొర్రె కణములకు బదులు రబ్బరుపాలవంటి లేటెక్సు రేణువులను వాడి పనిని ఇంకను తేలిక చేసినారు.

రోగి రక్తములోని ఆ వస్తువు ఏమిటి? అది శరీరపు స్వంత ప్రతిరక్షకములపైననే పనిచేయు మరొక ప్రతిరక్షకము. ఇంటి కాపలావాడు ఇంటివారినే పట్టుకొన్నట్లు, రక్షణశక్తి తన శరీరము మీదికే తిరుగుటకు ఇది ఒక ఆనవాలు. అయితే రోగులలో నూటికి 70, 80 మందిలో మాత్రమే ఇది కనిపించును. ఆరోగ్యవంతులైన కొందరు వృద్ధులలోను కనిపించును. 1998లో వచ్చిన సిట్రులిన్ పెప్టైడు ప్రతిరక్షకముల పరీక్ష ఇంతకంటె ఖచ్చితమైనది; కీళ్ళు చెడిపోకముందే హెచ్చరించగల గుణము దానికున్నది.

మంచము ప్రక్కన

పరీక్షలు పెరుగుచున్న కాలములోనే వేరొకచోట వేరొక విద్య పెరిగినది. లివర్‌పూలు నగరపు హ్యూ ఓవెన్ థామస్ (1834-1891) తరతరాల కట్టువైద్యుల వంశమువాడు. మన పుత్తూరు కట్టువలె వారి కట్టునకును ఆ ప్రాంతమున పేరుండెను. థామస్ వైద్యపట్టము పొంది, వంశవిద్యకు శాస్త్రమును జోడించాడు. జబ్బుపడిన కీలుకు విశ్రాంతి కావలెననియు, అది ఎడతెగక చిరకాలము ఉండవలెననియు అతని మతము. అతని పేర వెలసిన ఇనుప బద్దకట్టు మొదటి ప్రపంచయుద్ధములో తొడ ఎముక విరిగిన సైనికులను ఎందరినో బ్రతికించినది.

అతని మేనల్లుడు రాబర్ట్ జోన్స్ శస్త్రవైద్యుడు. ఏగ్నెస్ హంట్ (1866-1948) అను నర్సు తన తుంటి చికిత్సకై అతని వద్దకు వెళ్ళినది. ఆమె చిన్ననాటనే తుంటి ఎముక జబ్బుచే కుంటిదైనది. ఊతకర్రతోనే నర్సు విద్య నేర్చినది. 1900లో ఇంగ్లండులోని బాస్‌చర్చి అను పల్లెలో అవిటి పిల్లలకు ఒక నిలయమును తెరచినది. చికిత్సకు పిల్లలను గదులలో మూయక, ఒక ప్రక్క గోడలేని పాకలలో గాలి వెలుతురులు తగులునట్లు పడుకోబెట్టినది. జోన్స్ అక్కడకు వచ్చి శస్త్రచికిత్సలు చేయసాగాడు. శస్త్రచికిత్స ఒక పూట పని, తరువాతి సేవ నెలల పని అని ఆమె ఎరిగినది. ఇంటికి పోయిన పిల్లలను విడువక, చుట్టుప్రక్కల ఊళ్ళలో తిరుగు చికిత్సాకేంద్రములను ఏర్పరచినది. 1921లో ఈ ఆసుపత్రి ఆస్వెస్ట్రీకి మారినది. 1927లో అవిటివారికి చేతిపనులు నేర్పు విద్యాలయము కూడ వెలసినది. ఆసుపత్రి నేటికిని ఆ ఇరువురి పేర్లతోనే నడచుచున్నది.

ఎముక క్షయకు విశ్రాంతి ప్రాణము. కాని అదే విశ్రాంతిని రుమటాయిడ్ రోగికి నెలల తరబడి విధించినప్పుడు కీళ్ళు వంగినవి వంగినట్లే బిగుసుకొన్నవి. ఇందులో ఒక చిత్రము ఉన్నది. వాచిన మోకాలు కొద్దిగా వంచినప్పుడు లోపలి ఒత్తిడి తగ్గి నొప్పి ఉపశమించును. అందుచే రోగి మోకాలి క్రింద దిండు పెట్టమని బ్రతిమాలును. జాలిగల పరిచారిక పెట్టును. కొన్ని వారములకు ఆ మోకాలు ఇక చాచుటకు రాదు. నేర్పుగల పరిచారిక దిండు పెట్టదు. కాలిని చాచి బద్దమీద ఉంచి, పాదము వ్రేలాడిపోకుండ పలకను ఆనించి, దుప్పటి బరువు వ్రేళ్ళపై పడకుండ మంచముపై చట్రము నిలుపును. పడకపుండ్లు పుట్టకుండ రెండేసి గంటలకొకసారి రోగిని ఒత్తిగిలజేయును. ఉదయపు బిగువు సడలుటకు వేడినీటి కాపడము పెట్టి, అప్పుడు ప్రతి కీలును దాని హద్దువరకు మెల్లగా కదలించును. చేతివ్రేళ్ళు ముడుచుకొనలేని రోగికి లావు పిడిగల చెంచా ఇచ్చి తనంతట తాను తిననిచ్చుట కూడ చికిత్సలో భాగమే. చూచువారికి ఇది కాఠిన్యముగా తోచవచ్చును.

1948 సెప్టెంబరు 21న అమెరికాలోని మేయో వైద్యశాలలో ఫిలిప్ హెంచ్ ఒక రోగికి కెండాల్ వేరుచేసిన అడ్రినల్ గ్రంథి పదార్థమును సూదితో ఎక్కించాడు. ఆమె వయస్సు 29 ఏండ్లు. కీళ్ళవాతముతో దాదాపు మంచము పట్టినది. కొన్ని దినములలోనే ఆమె లేచి నడచినది. వారము తిరుగునప్పటికి బజారుకు పోయి వస్తువులు కొనుక్కొని వచ్చినది. తరువాత చికిత్స పొందినవారిలో రక్తకణములు దిగు వేగము కూడ తగ్గినది. అనగా ఇది కేవలము నొప్పి మరపు కాదని వెస్టర్‌గ్రెన్ గొట్టము సాక్ష్యము చెప్పినదన్నమాట. ఆ పదార్థమే కార్టిసోను. 1950లో హెంచ్, కెండాల్, స్విట్జర్లాండుకు చెందిన రైక్‌స్టైన్‌లకు నోబెల్ బహుమతి లభించినది. హెంచ్ తన బహుమతి ధనములో కొంత తన వార్డు పెద్ద నర్సు సిస్టర్ పాంటలియన్‌కు ఇచ్చాడు. రోగుల ప్రతిదిన మార్పును కనిపెట్టియున్నవారెవరో అతనికి తెలియును.

సంతోషము ఎక్కువకాలము నిలువలేదు. మందు ఆపగానే జబ్బు తిరిగివచ్చినది. ఎక్కువకాలము వాడినచో ముఖము ఉబ్బుట, ఎముకలు గుల్లబారుట, అంటురోగములు సోకుట చూచినారు. చాలకాలము వాడినదానిని హఠాత్తుగా మానినచో ప్రాణాపాయము.

నేడు రుమటాయిడ్ జబ్బులో మొదట ఇచ్చు మందులలో ముఖ్యమైనది మెథోట్రెక్సేటు. దీని పుట్టుక న్యూయార్కు సమీపమునగల లెడర్లే ప్రయోగశాలలో. అక్కడి పరిశోధనలను నడిపినది సుబ్బారావు గారే. ఆయన బృందము 1945లో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసినది. ఆపైన దానికి ఎదురుగా పనిచేయు అమినోప్టెరిన్, మెథోట్రెక్సేటులను తయారుచేసినది. అవి మొదట రక్తపు పుట్టకురుపుకు ఉద్దేశించినవి. 1951లో గబ్నర్, అతని సహచరులు అమినోప్టెరిన్‌ను కీళ్ళవాతమునకు ఇచ్చి గుణము చూచినారు. సుబ్బారావు గారు 1948 ఆగస్టులోనే మరణించియుండుటచే ఆ వార్త వినలేదు. కార్టిసోను వెలుగులో ఈ మందును మరచిన లోకము, 1980 తరువాత మెథోట్రెక్సేటును మరల చేపట్టినది.

కీళ్ళకు ఈ మందును వారమునకు ఒక్కసారి మాత్రమే ఇవ్వవలెను. పొరపాటున ప్రతిదినము మ్రింగినవారిలో రక్తకణములు నశించి ప్రాణములు పోయిన సంఘటనలు పలు దేశములలో జరిగినవి. అందుచే నర్సు ఒక వారమును ఎన్నుకొని, ఆదివారమో, బుధవారమో, దానిని చీటిమీద పెద్ద అక్షరములతో వ్రాసి, రోగిచేత ఒకసారి చెప్పించుకొనును. రక్తకణముల లెక్కకు, కాలేయ పరీక్షకు ఎప్పుడు రావలెనో చెప్పును. మందు కలిగించు నోటిపూత, వికారము తగ్గుటకు వేరొక దినమున మ్రింగమని ఒక పసుపుపచ్చని బిళ్ళను కూడ ఇచ్చును. అది ఫోలిక్ ఆమ్లము. అదియు లెడర్లే ప్రయోగశాలలో తయారైనదే.